అమ్మ కోసం రెండో ప్రార్థన

నాన్నా,

ఇవాళ నీ జ్ఞాపకార్థ కూడిక లాలాగూడ ఇంట్లోనే పెట్టాం. అమ్మకు ఐర్లండ్‌లో మాస్టర్స్ చదవడానికి సీటు, వీసా వచ్చేశాయి. యాభై దాటాక, తన స్టూడెంట్ల వయసు పిల్లల పక్కన కూర్చోబోతోంది. మీ చెల్లెలికి విడిగా చెప్పే ధైర్యం లేక, కూడికలో అందరి ముందూ చెబుదామని పొద్దున్నుంచీ కొంగు నలుపుతూనే ఉంది.

పాస్టర్‌గారికి ఎవరో సగమే చెప్పినట్టున్నారు. "విదేశాలకు చదువుకు వెళ్తున్న ఈ బిడ్డను కాపాడు ప్రభువా" అంటూ నా తల మీద చెయ్యి పెట్టేశారు. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ అనలేదు.

"అయ్యగారూ, వెళ్లేది అది కాదు, నేను."

అత్తయ్య కళ్లు తెరిచింది. "ఏందీ వదినా! పిల్లకు పెళ్లి చేసే టైమ్‌ల నువ్వు కాలేజీకి పోతవా? చర్చిల నవ్వరా?"

"పెళ్లి దానిది. చదువు నాది," అంది అమ్మ. మోకాళ్ల మీంచి మాత్రం లేవలేదు.

పాస్టర్‌గారు చెయ్యి అమ్మ తల మీదికి మార్చి మళ్లీ ప్రార్థించారు. ఈసారి ముగిశాక ఎవరూ ఆమెన్ అనలేదు. అందరి చూపూ అత్తయ్య మీదే. అమ్మ కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది.

మనింట్లో పక్కింటికి వినపడేలా ఆమెన్ అనేది నువ్వే కదా. ఈసారి అంత గట్టిగా నేను అన్నాను. అమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచి, ముందు ఖాళీగా ఉన్న నీ కుర్చీ వైపు చూసింది.