పదహారు చప్పట్లు

జూన్ 3, సోమవారం

ట్రయల్ మొదటి రోజు. మూడు వారాలు. 21న ఓనర్ చెవికి నచ్చితే ఉంటాను. నచ్చకపోతే మళ్లీ ఫోన్ రిపేర్ కౌంటర్. మళ్లీ పగిలిన స్క్రీన్లు. అమ్మాయ్, రిపేర్ చేసే అబ్బాయి లేడా అని నా మొహం మీదే అడిగేవాళ్లు.

పని ఇదీ. నాకంటే వయసులో పెద్దదైన డ్రమ్ మెషీన్ ఒకటి ఉంది. దాని శబ్దాలన్నీ కంప్యూటర్లో మళ్లీ పుట్టించి యాప్‌గా అమ్ముతారట. రికార్డ్ చేసి అతికించడం కాదు, ప్రోగ్రామ్ రాసి లెక్కలతో పుట్టించడం. కిక్, స్నేర్, హైహ్యాట్ అనే డ్రమ్ము దెబ్బలు సీనియర్ చేసేశాడు. చప్పట్లు మిగిలాయి. మిగిలాయో, కావాలని మిగిల్చాడో.

సీనియర్‌కి ఛాతీ దాకా గడ్డం. ఈ డైరీలో ఆయన పేరు అదే. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అన్నాడు. వీడియోలు చూసి అన్నాను. ఊఁ అన్నాడు. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

మెషీన్ అద్దాల బీరువాలో ఉంది, పైన గుడ్డ కప్పి. ఒకసారి మోగించి చూపిస్తారా అన్నాను. అక్కర్లేదు, పదహారు దెబ్బలు రికార్డ్ చేసి పెట్టాను, అవి విను చాలు అన్నాడు. చాలో చాలదో నేను చెప్పాలి కదా!

జూన్ 4

రికార్డింగులున్న ఫోల్డర్‌కి తాళం. వినొచ్చు, మార్చడానికి లేదు. ఆఫీసు మొత్తంలో ఒక్క ఆ ఫోల్డర్‌కే తాళం. నేను వచ్చిన వారమే వేశాడా, ముందునుంచీ ఉందా అని అడగలేదు. అడిగితే నిజం చెప్తాడా ఏంటి.

జూన్ 5

ఆ మెషీన్ లోపల చప్పట్లు లేవు. చేతులూ లేవు. ఉన్నది ఒట్టి గాలి హోరు. రేడియోలో స్టేషన్ దొరక్కపోతే వస్తుందే, అది. దాన్ని ఫిల్టర్‌లో వేసి వడకడతారు. తర్వాత నాలుగు ముక్కలుగా తరిగి, సెకనులో వందో వంతు తేడాతో ఒకదాని వెనక ఒకటి వదులుతారు. చివర కాస్త తోక. అంతే, గదిలో నలుగురు కలిసి చప్పట్లు కొట్టినట్టు వినిపిస్తుంది. పచ్చి మోసం. నాకు భలే నచ్చింది.

జూన్ 6, సాయంత్రం

రాలేదు. నాది తడిబట్ట బండకేసి బాదినట్టుంది.

జూన్ 7

ఇంకా తడిబట్టే. గడ్డం వెనకనుంచి వచ్చి, కోడ్ చూపించు, ఇద్దరం చూద్దాం అన్నాడు. అవసరం లేదు సార్ అన్నాను. స్క్రీన్ కూడా కిందికి వంచేశాను. ఇలాంటి ‘ఇద్దరం’లు నేను కౌంటర్ దగ్గర చాలా చూశాను. రిపేర్ చేసేది నేను, కస్టమర్ దగ్గర శభాష్ అనిపించుకునేది ఇంకొకడు.

జూన్ 10, సోమవారం

గడ్డం రాలేదు. పన్ను పీకించుకుంటున్నాడట.

మంచి అవకాశం. ఫోల్డర్ తాళం తీసేశాను. ఫోన్ లాకులు తీసి బతికినదాన్ని, నాకు ఇదొక లెక్కా. నన్ను దొంగలా చూస్తే నాకు మండుతుంది. పైగా ఆయన పెట్టిన పేర్లు చూస్తే చిరాకు. ‘చప్పట్లు అసలు చలిగదిలో మూడో దెబ్బ’ అట. ఫైల్ పేరా, ఉత్తరమా? అన్నీ నా పద్ధతిలోకి మార్చాను. చప్పట్లు 1 నుంచి చప్పట్లు 16 దాకా. నా ప్రోగ్రామ్‌ని కూడా వేరే చోట ఎందుకని ఆ ఫోల్డర్‌లోనే పెట్టుకున్నాను. ఇప్పుడు అన్నీ ఒకే చోట, నీట్‌గా.

జూన్ 11

వచ్చేసింది!!

నిన్నటిదాకా తడిబట్ట. ఈరోజు అసలుదీ నాదీ పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలియడం లేదు. ఒక్క రోజులో. ఎవరికీ చెప్పలేదు.

గడ్డం చెంప బూరెలా ఉబ్బింది. పొద్దుటినుంచీ నోరు విప్పలేదు. నా వైపు చూసి తల మాత్రం ఊపాడు.

జూన్ 12

చెవిని నమ్మకూడదని పరీక్ష చేశాను. రెండు శబ్దాల్లో ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలపాలి. తేడా ఉంటే ఆ తేడా వినిపిస్తుంది. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి.

మింగేసుకున్నాయి. పూర్తి నిశ్శబ్దం. పదహారుకి పదహారూ.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గడ్డం తల తిప్పి చూశాడు.

జూన్ 13

నాన్నకి వినిపించాను.

నాన్న పదకొండేళ్లు ఒక హోటల్ హాల్లో డ్రమ్స్ వాయించాడు. తర్వాత ఇదే రకం మెషీన్ వచ్చింది. ఆరు నెలలు నాన్ననే దాని పక్కన కూర్చోబెట్టి స్టార్ట్ బటన్ నొక్కించారు. తర్వాత బటన్ నొక్కడానికి మనిషెందుకు అన్నారు. ఇప్పుడు పార్కింగ్ గేటు దగ్గర కర్ర ఎత్తుతూ దించుతూ ఉంటాడు. ఆ డబ్బా పని చేస్తున్నానని చెప్పినరోజు నాతో మాట్లాడలేదు.

ముందు వినను పో అన్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, మొదట అసలుది మోగించాను. నాలుగు దెబ్బలు విని తీసేశాడు. ఇది అది కాదే అన్నాడు. ఇది అసలుదే నాన్నా, మెషీన్ నుంచి తీసిందే అన్నాను. నాకు చెప్తావేంటే, ఆరు నెలలు దాని పక్కన కూర్చుని ఏడ్చినవాణ్ని, ఏ రెండు దెబ్బలూ ఒక్కలా పడేవి కావు, ఇది చూడు, అన్నీ ఒక్క సైజు చెప్పుల్లా ఉన్నాయి అన్నాడు.

పాతకాలం మనిషి, చెవి మందగించి ఉంటుంది అనుకున్నాను. కానీ నిద్ర పట్టలేదు.

జూన్ 14, పొద్దున 10:30

నాన్న చెప్పింది నిజం. హోరు అంటేనే గాలివాటం. ఆ మెషీన్ దెబ్బకీ దెబ్బకీ హోరు మారాలి. మరి నాది ప్రతిసారీ ఒక్కలాగే ఉంటుంది. పోల్చడానికి వీలుగా ఉంటుందని కంప్యూటర్‌కి ఒక నంబర్ ఇచ్చి కట్టేశాను, ఎన్నిసార్లయినా అదే హోరు ఇస్తుంది. ఆ నంబర్ నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అసలు రికార్డింగులోకి నా హోరు ఎలా వచ్చింది?

జూన్ 14, 11:40

ఫిల్టర్ కావాలని పాడుచేశాను. మళ్లీ పరీక్ష చేశాను. మళ్లీ నిశ్శబ్దం! అంటే నేను మారిస్తే అసలు రికార్డింగూ మారుతోంది. ఎవరో నా స్క్రీన్ చూస్తున్నారు. నా కోడ్ ఎత్తేసి, నేను మార్చిన ప్రతిసారీ కొత్త శబ్దం తీసి ఆ ఫోల్డర్‌లో పెడుతున్నారు. 21న ఓనర్ ముందు ఇదిగో నేను చేసింది అని లేచి నిలబడతారు.

ఎవరో ఏంటి. ఆఫీసులో ఈ పని తెలిసినవాడు ఒక్కడే. అందుకే చెంప వంకతో నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు.

జూన్ 14, 4:00

గడ్డం టీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. తాగలేదు.

జూన్ 17, సోమవారం

అడిగేశాను. ఓనర్ ముందే, అందరూ ఉండగానే. నా కోడ్ కాజేశారు సార్ మీరు అన్నాను. తాళాలు, గుడ్డ కప్పడాలు, ఊఁ కొట్టడాలు, అన్నీ కడిగేశాను. గొంతు ఎంత లేచిందంటే పక్క గదిలోవాళ్లు తలుపు దగ్గరకొచ్చారు. ఓనర్ ఏంటయ్యా ఇది అని గడ్డం వైపు చూశాడు.

గడ్డం అరవలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఫైల్ టైమ్ చూడు తల్లీ, ఎప్పుడు మారింది అన్నాడు. పొద్దున 9:52. ఎవరి కంప్యూటర్‌లోంచి? నాది. ఇప్పుడు నీ ప్రోగ్రామ్ ఇంకోసారి రన్ చెయ్యి అన్నాడు. చేశాను. మళ్లీ చూడు అన్నాడు. 10:26.

గోడ గడియారం చూశాను. 10:26.

నా ప్రోగ్రామ్ తాను చేసిన శబ్దాల్ని చప్పట్లు 1 నుంచి చప్పట్లు 16 పేర్లతో దాచుకుంటుంది. తనున్న ఫోల్డర్‌లోనే దాచుకుంటుంది. నేను రాసిందే. అసలువాటికి అవే పేర్లు పెట్టిందీ నేనే. తాళం తీసిందీ నేనే. వారంనుంచీ నా చప్పట్లని నా చప్పట్లతోనే పోల్చి ఎగిరి గంతేశాను.

ఎవరో నవ్వారు. గడ్డం నవ్వి ఉంటే బాగుండేది.

జూన్ 17, సాయంత్రం

ఇంకా ఉంది. బ్యాకప్ డిస్క్‌లో ఉంటాయిలే అనుకున్నాను. అది ప్రతి సాయంత్రం కొత్తవాటిని పాతవాటి మీద రాస్తుందట. నా తడిబట్టల్ని వారం పాటు భక్తిగా దాచింది.

మళ్లీ రికార్డ్ చేద్దామన్నాను. గడ్డం బీరువా తెరిచి, గుడ్డ తీసి, మెషీన్ ఆన్ చేసి చప్పట్ల బటన్ నొక్కాడు. టిక్. మళ్లీ నొక్కాడు. టిక్. లోపలి చిప్ పోయిందట, ఇప్పుడెక్కడా దొరకదట. మెషీన్ చచ్చిపోయే ముందు ఏసీ వేసిన చలిగదిలో కూర్చుని ఆయన పట్టుకున్న ఆఖరి పదహారు దెబ్బలవి. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటాయేమో. ఈ గదిలో మాత్రం లేవు.

సారీ చెప్పాను. బయటికి సరిగ్గా వచ్చిందో లేదో. ఆ తాళం నీకోసం వేసింది కాదమ్మా, నాకోసం వేసుకున్నా, పోయినేడు కిక్ ఫైళ్లు నేనే ఇలా తుడిచేసుకున్నా అన్నాడు. నాలుక ఇంకా మందంగా తిరుగుతోంది. పన్ను నిజంగానే పీకారు.

జూన్ 18

ఓనర్ శుక్రవారం గడువు మార్చలేదు. దేంతో పోల్చి పాస్ చెయ్యమంటారు మరి అని వెటకారం చేశాడు. ఆ మెషీన్ బతికుండగా బాగా విన్నవాళ్లెవరైనా తెలుసా అని గడ్డం అడిగాడు. తెలుసు అన్నాను. సరే, ఆయన ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా, లేకపోతే నీ బ్యాగు నువ్వు సర్దుకో అన్నాడు ఓనర్.

నాన్న రానన్నాడు. నా అన్నం లాక్కున్నదాన్ని బతికించడానికి నేనే రావాలా అన్నాడు. నేనేమీ అనలేదు. నేనేమీ అనకపోవడం నాన్నకి కొత్త.

జూన్ 19

ఆఫీసుకి రాకపోయినా నాన్న తన గేటు క్యాబిన్‌లో కూర్చోనిచ్చాడు. ల్యాప్‌టాప్ ఒళ్లో. కార్లు వస్తుంటే కర్ర ఎత్తుతూ, మధ్యమధ్యలో కాదు, కాదు, ఛీ కాదు అంటూ. కాకపోతే ఏం కాదో చెప్పు అని అరిచాను. చెప్పాడు. మొదటి మూడూ తోసుకుంటూ వస్తాయట. నాలుగోది మాత్రం సినిమా మొదలయ్యాక వచ్చి సీటు వెతుక్కునేవాడిలా కాస్త ఆగి దిగుతుందట. హాలు వేడెక్కేకొద్దీ గొంతు బొంగురుపోతుందట. హోరు ఎప్పుడూ ఒక్కలా ఉండదట, అది అలిగినరోజు ఒకలా, తిన్నది అరిగినరోజు ఒకలా.

మెషీన్ అలుగుతుందా నాన్నా అన్నాను. అలిగేది నేనేలే అన్నాడు. వెనకాల కారువాడు హారన్ కొట్టాడు.

జూన్ 20

నంబర్ పీకేశాను. హోరుని కట్టు విప్పి వదిలేశాను. నాలుగో ముక్కని వెనక్కి జరిపాను. ప్రతి దెబ్బకీ ఆ ఆలస్యం రవ్వంత మారేలా చేశాను. హాలు వేడెక్కినట్టు, వందో దెబ్బకి ఫిల్టర్ కాస్త కిందికి జారుతుంది.

గడ్డానికి కోడ్ చూపించాను. ఆయన తోకని కాస్త సాగదీయమన్నాడు. సాగదీశాను. ఇద్దరం చూశాం.

జూన్ 21, శుక్రవారం

నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. బీరువా వైపు చూడకుండా గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఓనర్ వాచీ చూసుకుంటున్నాడు. గడ్డం స్పీకర్లు పెట్టాడు. నేను ప్లే నొక్కాను.

మూడు దెబ్బలు. ఐదు. నాన్న కదల్లేదు. తొమ్మిదో దెబ్బ దగ్గర కుడిచేయి ఒళ్లోంచి లేచింది. పక్కన గాల్లో ఆగింది, చూపుడువేలు కిందికి. అక్కడ బటన్ ఏదీ లేదు. మొహం నల్లబడింది. ఆపెయ్యవే దాన్ని అన్నాడు. పదహారు అవ్వలేదు నాన్నా అన్నాను. ఆపమన్నానా అని లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఓనర్‌కి అర్థం కాలేదు. ఏంటి, ఫెయిలా అన్నాడు. గడ్డం తల అడ్డంగా ఊపి, ఆమె సోమవారం వస్తుంది అన్నాడు.

జూన్ 22

నాన్న మామూలుగానే ఉన్నాడు. పేపర్ చదువుకున్నాడు. నాకు ఒకటే అనుమానం. నిజంగా అదే శబ్దం వచ్చిందా? నా ఉద్యోగం కోసం ఆ చెయ్యి కావాలని లేపాడా? తలకిందులు చేసి కలిపి చూడటానికి అసలుది లేదు. నాన్న దగ్గర తప్ప.

జూన్ 24, సోమవారం

ఫోల్డర్‌కి నేనే తాళం వేశాను. పాస్‌వర్డ్ గడ్డానికి చెప్పాను.

నాన్నని అడగలేదు.