కొత్త బ్లేడు

బెర్గెన్,
9 ఫిబ్రవరి 1986.

గౌరవనీయులైన డాక్టర్ సిగ్రిద్ గారికి,

ఎలుకల గది ఒడ్వార్ నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ నేను డెబ్భై ఏడేళ్ళ మనిషి ఉండవలసినంత క్షేమంగానే ఉన్నాను. తమరు కూడా క్షేమమని తలుస్తాను అని ఆ తరవాత రాయాలి. మీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి కలం సాగలేదు, వదిలేశాను.

కవరు మీద దస్తూరీ చూడగానే మీదని పోల్చుకున్నాను. బోనుల మీద చీటీలన్నీ ఆ చేత్తోనే కదా రాసేవారు. పదహారేళ్ళయినా ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. లోపలి సంగతులే మారాయి. రొమ్ములో మొదలైంది ఊపిరితిత్తులకు పాకిందని, ట్రోమ్సో ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం ఇచ్చారని రాశారు. ఎలుకల ఊపిరితిత్తుల్లో నల్లగా లెక్కపెట్టిన చుక్కలే నా ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతున్నాయి ఒడ్వార్, రంగే మారింది, అని కూడా రాశారు. అక్కడ కాగితం మడిచేసి వంటగదిలోకి వెళ్ళి, తాగాలని లేకపోయినా కాఫీ కాచుకున్నాను.

ఇక్కడి కబుర్లంటే వానే. మన ఎలుకల గది ఉన్న నేలమాళిగను ఇప్పుడు సైకిళ్ళు పెట్టుకునే చోటు చేశారు. మొన్న అటు వెళితే కాపలావాడు, ఎన్నిసార్లు కడిగించినా ఎలుకల కంపు పోవడం లేదు పెద్దాయనా, అని విసుక్కున్నాడు. అది ఎలుకలది కాదు నాయనా, ఇరవై ఆరేళ్ళు ఇక్కడ పనిచేసిన నాది, అన్నాను. నవ్వలేదు. ఈ కాలం కాపలావాళ్ళకి జీతం ఎక్కువ, సరసం తక్కువ.

ఎలుకలంటే ఒకటి గుర్తొచ్చింది. బోనుల అడుగున పరవడానికి పైఅంతస్తు నుంచి పాత వైద్య పత్రికలు కట్టలుగా దింపేవారు గుర్తుందా. చింపే ముందు ప్రతి కాగితమూ చదివేవాణ్ణి. నా చదువంతా అలా అబ్బిందే, అందుకే ఏ వ్యాసానికీ చివర నాకు తెలీదు. ప్రొఫెసర్ హెగ్‌లాండ్ ఒకసారి మెట్ల మీద నిలబడి చూసి, ఏం ఒడ్వార్, నువ్వు చదవడం ఎప్పుడవుతుంది, ఎలుకలు పడుకోవడం ఎప్పుడవుతుంది, అన్నాడు. మీరు మాత్రం ఆ రోజు గోధుమరంగు జున్ను పెట్టిన రొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టి, ఎక్కడ ఆగిపోయావో చెప్పు, మిగతాది నేను చెబుతాను, అన్నారు.

ప్లేట్‌లెట్ల దగ్గర ఆగిపోయానన్నాను. అప్పుడు మీరు చెప్పింది ఈ రోజుకీ మాటకు మాట అప్పజెప్పగలను. కేన్సరు కణం పుట్టినచోటు వదిలి రక్తంలో పడితే, చేపల బజారులో ఒంటరిగా పరిగెత్తే దొంగలాంటిది, పోలీసులు చటుక్కున పట్టేస్తారు. కానీ దాన్ని చూసి ప్లేట్‌లెట్లు ఎక్కడో గాయమైందనుకుంటాయి. పాపం, వాటి పని గాయం దగ్గర గుమిగూడడమే. చుట్టూ చేరి తలా ఒక గొడుగు పట్టినట్టు కప్పేస్తాయి. వానలో మన బజారు చూశావుగా, గొడుగులు తప్ప మనిషి కనబడడు. ఆ గొడుగుల చాటున దొంగ మెల్లగా నడిచి, ఊపిరితిత్తుల్లో ఏదో ఒక సందు చూసుకుని కాపురం పెడతాడు. మరి గొడుగులు లాగేస్తే, అని అడిగాను. అదే నువ్వూ నేనూ చూడబోయేది, అన్నారు. నువ్వూ నేనూ అన్నారు. నాతో ఆ మాట అన్న డాక్టరు మీరొక్కరే.

ఇక మీరడిగిన సంగతి. అరవై ఎనిమిది శరదృతువులో మొదటిసారి కేన్సరు కణాలు ఎక్కించి చూసినప్పుడు, ముందుగా కుందేలు సీరం ఇచ్చి ప్లేట్‌లెట్లు తీసేసిన పన్నెండు ఎలుకలకు ఊపిరితిత్తులు దాదాపు శుభ్రం. ఏమీ చేయని పన్నెండింటికీ మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు. పత్రిక అచ్చువేసింది. ప్రొఫెసర్ నమ్మలేదు, మళ్ళీ చెయ్యమన్నాడు. ఈసారి రోజూ ప్లేట్‌లెట్లు లెక్కపెట్టాల్సిందే అన్నాడు. దాంతో మీరు రోజూ ప్రతి తోక చివరా గాటుపెట్టి చుక్క రక్తం తీయాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో కోసి చూస్తే సీరం ఎక్కించిన వరసా, ఎక్కించని వరసా ఒకటే. రెండు చుక్కలు, నాలుగు, మూడు. మిరియాలు లేవు. ఒకసారి కనబడి రెండోసారి కనబడనిదాన్ని సైన్సు అనరు డాక్టర్, దెయ్యం అంటారు, అన్నాడాయన అందరి ముందూ. ఏడాది తిరక్కుండా మీరు ఉత్తరాన వార్డోలో పిల్లలకు పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయారు.

రెండోసారి నువ్వేదైనా తేడా చూశావా, సీరం ఎక్కించని వరసలో కూడా తోకల రక్తం ఎంతకీ ఆగేది కాదు, నాకు బాగా జ్ఞాపకం, అని అడిగారు. అప్పుడూ అడిగారు. అప్పుడు చెప్పిన జవాబే ఇప్పుడూ చెబుతున్నాను. బ్లేడు కొత్తది. లోతుగా తెగేది. అంతకు మించి నాకేమీ తెలీదు.

మీరు త్వరగా కోలుకోవాలని రాయడం అబద్ధం అవుతుంది. నొప్పి లేకుండా ఉండాలని కోరుకుంటూ,

మీ నేలమాళిగ మనిషి,
ఒడ్వార్

*

బెర్గెన్,
2 మార్చి 1986.

డాక్టరమ్మకు,

నమస్కారాలు. మీ రెండో ఉత్తరం నిన్న అందింది. రెండు పేజీలు మీ దస్తూరీ, మూడోది నర్సుది. ఆ మూడో పేజీని టేబులు మీద బోర్లా పెట్టి రాస్తున్నాను.

తేడా ఏమీ లేదని నువ్వే చెప్పావు కాబట్టి తేలిపోయింది, తప్పు నా చేతులదే, మొదటిసారి నేను చూడాలనుకున్నదే చూశానేమో, అని రాశారు. ఆ మొదటి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఉత్తరం రాసి, సంతకం పెట్టి, కవరు అంటించి తలగడ పక్కన పెట్టుకున్నానన్నారు. గురువారం నర్సు పోస్టులో వేస్తుందన్నారు. అబద్ధాన్ని నా వెనక వదిలి పోలేను ఒడ్వార్, అన్నారు.

ఆ కవరు వేయించకండి. ఎందుకంటే, మీ చేతులు నాకు తెలుసు. నాలుగేళ్ళు చూశాను. దారం కన్నా సన్నటి తోక నరంలోకి సూది దింపేటప్పుడు మీరు ఊపిరి బిగబట్టేవారు, ఎలుక కూడా బిగబట్టేది. అలాంటి చేతులు లేనిది చూడవు. ఇది రుజువు కాదు, నాకు తెలుసు. మా బోర్గిల్ ఉండి ఉంటే, ముసలాడా, నువ్వు కోర్టుకెళితే నీ తరఫు వకీలే నీకు శిక్ష వేయిస్తాడు, అనేది.

బోర్గిల్ మాట వచ్చింది గనక రాస్తాను. మా ఆవిడను మీరు ఒక్కసారే చూశారు, క్రిస్మసు కేకు ఇవ్వడానికి నేలమాళిగకు దిగినప్పుడు. ఎలుకలను చూసి, మా ఆయన కన్నా ఇవే మర్యాదగా తింటున్నాయి, అంది. మీరు నవ్వితే కేకు పళ్ళెం వణికింది. ఆమెది కూడా రొమ్ములోనే మొదలైంది. ఎముకల్లోకి పాకింది. చివరి వేసవంతా వీపు ముడుచుకుని, జుట్టు రేగిపోయి, గోడవైపు తిరిగి కూచునేది. గురువారాల అలవాటు ప్రకారం బంగాళదుంప ఉండలు ఉడికించి ముందు పెడితే, వాసన బాగుంది, నువ్వే తిను, అనేది. అరవై ఎనిమిది నవంబరులో పోయింది. మర్నాటికి మర్నాడు నేను పనిలోకి వచ్చాను. ఇంట్లో చెయ్యడానికి పనేం ఉంది.  నా వాటా బోనులు కూడా ఆ వారమంతా మీరే కడిగారు.

అది మరిచిపోయే మనిషిని కాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయడానికి పొద్దుటి నుంచీ పట్టింది. వాన ఇంకా తగ్గలేదు.

ఎప్పటికీ మీకు రుణపడిన,
ఒడ్వార్

తా.క. ఈ ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. బూట్లు కూడా వేసుకున్నాను. మళ్ళీ కూచున్నాను. పైన రాసిందంతా నిజమే గాని, అందులో ముఖ్యమైనది లేదు.

ఇది మీకు చేరేలోగా గురువారం వచ్చేస్తుందేమోనని భయం వేసి ఆసుపత్రికి ఫోన్ చేశాను. నర్సు పలికింది. తలగడ పక్కన ఉన్న కవరు పోస్టులో వేయవద్దమ్మా, అన్నాను. మీరెవరు, ఏమని చెప్పాలి, అంది. ఒడ్వార్ చేశాడని, బ్లేడు పాతదేనని చెప్పు, అంతే, అన్నాను. ఈ ముసలాడికి మతి చలించిందనుకుని ఉంటుంది. అయినా వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి, ఆమె మూడు ప్రశ్నలు అడగమన్నారు, అంది. ఏం కలిపాడు, ఎంత కలిపాడు, ఏ రోజు మొదలుపెట్టాడు.  ఉత్తరం రాస్తానన్నాను.

ఆస్పిరిను. బోర్గిల్‌కు నొప్పికని ఇచ్చిన మాత్రలు, నీళ్ళలో వేస్తే బుసబుసమని కరిగేవి. ఆమె పోయాక డబ్బాలు మిగిలిపోయాయి. ఎలుకలు తాగే నీళ్ళ సీసాకు అర మాత్ర. రెండు వరసలకూ. మొదటి గాటుపెట్టిన మూడోరోజు నుంచి, మీరు కేన్సరు కణాలు ఎక్కించిన రోజు కలుపుకుని, మరో వారం దాకా. రోజూ కోసీ కోసీ తోకలు వాచిపోయాయి డాక్టరమ్మా. వీపు ముడుచుకుని, బొచ్చు రేగిపోయి, గోడవైపు తిరిగి కూచునేవి. అలా కూచోవడం నేను అంతకు ముందే ఒక వేసవంతా చూశాను. రెండోసారి చూడలేకపోయాను. చెబితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. రక్తం ఎందుకు ఆగడం లేదని మీరడిగితే, నోటికి వచ్చింది బ్లేడు.

ఆ మాత్రకూ ఆగని రక్తానికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తెలీదు. ఇది ఒట్టు. మూడేళ్ళ కిందట నాకు గుండెపోటు వచ్చాక డాక్టరు రోజుకో చిన్న ఆస్పిరిను రాసిచ్చాడు. ఇది ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకోనివ్వదు, గడ్డం గీసుకుంటూ తెగితే రక్తం కాస్త ఎక్కువసేపు కారుతుంది, కంగారుపడకు, అన్నాడు. చీటీ చేత్తో పట్టుకుని అక్కడే కుర్చీలో చాలాసేపు కూచున్నాను. గుండె నొప్పా అని అడిగాడు. కాదన్నాను.

అంటే రెండో వరసకు కూడా గొడుగులు లాగేసింది నేనే. మీరు మొదటిసారి చూసింది నిజం. రెండోసారి చూసింది ఇంకా పెద్ద నిజం, దాన్ని దెయ్యం అన్నారు. మనిషికి కూడా అలా పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. బోర్గిల్ అవే మాత్రలు గుప్పెళ్ళతో మింగింది, పోయింది. కానీ వెతకవలసినవాళ్ళు వెతక్కుండా పదిహేడేళ్ళు పోయాయి. అందులో ఆఖరి మూడేళ్ళు నేను తెలిసి పోగొట్టినవి. మొన్నటి ఉత్తరంలో కూడా మళ్ళీ బ్లేడనే రాశాను. అది భయం. వేరే పేరు లేదు.

నేలమాళిగ ఖాళీ చేసేటప్పుడు సీసాల పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఏ రోజు ఏ సీసా మార్చానో అందులో ఉంటుంది. మాత్ర వేసిన రోజుల్లో పక్కన చిన్న కొక్కెం గుర్తు పెట్టేవాణ్ణి. ఎవరికీ చెప్పని పనికి కూడా లెక్క రాసుకోవడం నేను మీ దగ్గరే నేర్చుకున్నాను. ఆ పేజీలు చింపి ఇందులో పెట్టాను, కింద సంతకం చేశాను. పాత కవరు చింపేసి, వీటితో పత్రికకు కొత్తది రాయించండి. నా పేరు పూర్తిగా వేయించండి.

ఒకటి మిగిలింది. మీరు అడగలేదు గాని, గమనించినదంతా రాయాలని చెప్పింది మీరే. మాత్ర వేసిన మర్నాడు నేను వెళ్ళేసరికి ఎలుకలు వీపు చాపి బోనంతా తిరుగుతున్నాయి, తింటున్నాయి. ఆ నవంబరు తరవాత మొదటిసారి నాకు సంతోషం వేసింది. మీరు మెట్లు దిగుతూ నా మొహం చూసి, ఏం ఒడ్వార్, ఇవాళ ఎండ కాసిందా, అన్నారు.

అవునన్నాను.