డొమినిక్ నోట్లో అన్న పాట

1957, మలయాకి సొతంత్రం వచ్చిన మెర్డేకా రోజు, శనివారం

ఇయాల డొమినిక్ గాడి నోరు మండించినాను. కడుపు సల్లబడతాది అనుకున్నాను.

అది అన్న కట్టిన బ్లూస్ పాట. కర్ఫ్యూ పెట్టినప్పుడు ఇంటికి ఎల్లలేక, ఒదిన మీద బెంగతో కట్టినాడు. తూటా తగిలి అన్న పోయినాక, అన్నతో ఒకే బేండులో ఉన్న డొమినిక్ "నా పాట" అని ఊరంతా వాయిస్తన్నాడు. అన్న కాగితం మీద ఏదీ రాయలేదు, అదీ ఆడి ధైర్యం.

సాయంత్రం కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్ హాల్లో ఆడి బేండు, నాది టీలు అందించే పని. వాయించే ముందు సాక్సాఫోన్ మూతికి కట్టే రెల్లు బద్దని ఆడు నోట్లో నానబెడతాడు. దానికి పచ్చిమిరప రసం పట్టించినాను. "ఈ పాట నేనే కట్టినాను" అని జనానికి సెప్పి బద్ద నోట్లో ఎట్టినాడు. అంతే, నాలుక బయటెట్టి ఒకటే గెంతులు!

"ఏటి మిస్టర్, సొంత పాట అంత కారమా?" అని టీ ఇచ్చినాను. సలసల మరిగేది.

జనం నవ్వుతుంటే ఎనక బల్ల మీద ఒదిన కనబడింది. ఆ పాట కోసమే కౌలా సెలంగోర్ నుంచి బస్సెక్కి వచ్చిందట.

"ఆడు దొంగే బాబూ. గానీ మీ అన్న పాట ఇప్పుడు ఆడొక్కడికే వచ్చు కదా," అంది.

ఆడి నోరు మానితే వచ్చే శనివారం మళ్ళీ ఈ హాల్లోనే వాయిస్తాడు, అందాకా ఒదిన ఇక్కడే ఉంటాదట. పగ సగం కూడా తీరలేదు. అయినా వచ్చే శనివారం ఆడు పాట సాంతం వాయించీదాకా ఆ ఎదవ మూతి మీద ఈగ వాలకుండా నేనే కాపలా కాయాల.

ఒదిన తిరిగి బస్సెక్కినాక సూస్తాను ఆడి సంగతి...