మోకాళ్లకు పని

అక్టోబర్ 2, 1973. బీదర్

రిబ్కా ఔరాద్‌లో పుట్టింటికి పోయింది.

పప్పులో ఉప్పు ఎక్కువైందని లోటా విసిరాను. గోడకు విసిరితే జారి ఆమెకు తగిలిందని అందరికీ చెప్పాను. ఇది ఎవరూ చదవరు. గోడకు కాదు. కనుబొమ్మ పైన కుట్లు పడ్డాయి. నా పెళ్లాం ఏడవలేదు, తిట్టలేదు. కొంగుతో నెత్తురు ఒత్తుకుంటూ నా పళ్లెం తీసి కడిగింది. అది చూసే నాకు భయం వేసింది.

సాయంత్రం వాళ్ల అన్న ఫిలిప్పు వచ్చి బస్సెక్కించుకుని పోయాడు. మామ సమూయేలు మాట కూడా మోసుకొచ్చాడు. “నా బిడ్డను కొట్టెటందుకు ఇయ్యలేదు. చేతులు అదుపుల వెట్టుకున్ననాడు రా, అప్పుడు సూస్తం” అన్నాడట.

అక్టోబర్ 4

బిద్రీ సామాను చేసే మా కార్ఖానాలో అందరికీ తెలిసిపోయింది. పక్కన కూర్చుని వెండి తీగ పొదిగే సంగయ్య పళ్లన్నీ బయటపెట్టాడు.

మధ్యాహ్నం మాకు పని నేర్పిన ఖుద్దూస్ ఉస్తాద్ పిలిచారు. రంజాన్ ఉపవాసం, రోజాలో ఉన్నారు, పెదాలు ఎండిపోయాయి. నా పేరుతోనే మొదలుపెట్టారు. “సంసోను అంటె పహిల్వాను గదా బేటా?” అని. అవునన్నాను. ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు పహిల్వాను కాదు, కోపంలో తనను తాను పట్టుకునేవాడే పహిల్వాను అని వాళ్ల ప్రవక్త చెప్పారట. తర్వాత ఉపాయం చెప్పారు. “గుస్సా వస్తె నిలవడకు, కూసో. కూసున్నా పోకుంటె పండుకో. అప్పటికీ పోకుంటె నీళ్లతోని మొహం కడుక్కో.”

ఇంతేనా అనిపించింది. మా యేసయ్య రెండో చెంప చూపమన్నాడు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఒక్కసారీ చూపలేదు. ఈయన ప్రవక్త మాత్రం మోకాళ్లకు పని చెప్పాడు.

అక్టోబర్ 8

సంగయ్య నవ్వాడు. కూర్చున్నాను. నా కోపం కూడా వచ్చి పక్కనే కూర్చుంది.

అక్టోబర్ 10

కోట మట్టి తేవాలి. కోటలో పాత గోడల కింద, ఎండా వానా తగలని చోట తవ్విన మట్టి అది. నవాసారం ఉప్పుతో కలిపి మరగబెట్టి రుద్దితే పాత్రలోని జస్తు లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. వేరే మట్టితో ఎంత రుద్దినా బూడిద రంగే. మంచి మట్టో కాదో ఉస్తాద్ నాలుక మీద వేసుకుని చెబుతారు. రోజాలో అది కుదరదు.

“ఈ నెల నీ నాలుకే నా నాలుక” అని నాతో అన్నారు. సంగయ్యతో అనలేదు. ఇల్లు చేరేదాకా ఛాతీ విరుచుకునే నడిచాను.

అక్టోబర్ 13



కోట నుంచి తెచ్చిన మట్టి బస్తా జల్లెడ పట్టడానికి వాకిట్లోకి తెచ్చాను. పండుగకు ముందే హైదరాబాదు పోవలసిన సురాహీ కూజాలన్నిటికీ ఉన్నది ఆ ఒక్క బస్తానే. మొగులు పట్టి ఉంది. లోపల పెట్టి రావాలని తెలుసు. సంగయ్య అప్పుడే అన్నాడు, “పప్పు నువ్వే వండుకుంటున్నవా, ఉప్పు సరిపోతుందా?” అని.

కూర్చోవాలని గుర్తే రాలేదు. వీధి చివరిదాకా తరిమాను. కాలర్ పట్టుకున్నాను. వాడి షర్ట్ చిరిగింది, నా పిడికిలి వాడి ముక్కు మీదికి లేచింది. అప్పుడు వాన పడింది.

పరిగెత్తి వచ్చేసరికి బస్తా నానిపోయింది, ఇక ఆ మట్టి పనికిరాదు. ఉస్తాద్ దాని ముందు నిలబడి ఉన్నారు. ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.  చేతిలో సుత్తి ఉంది. కొడతారనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

ఆయన సుత్తి కింద పెట్టి కూర్చున్నారు, ఆ బురదలోనే. కళ్లు మూసుకున్నారు. పోలేదు కాబోలు, మెల్లగా వెల్లకిలా పడుకున్నారు. ఉతికిన తెల్ల లాల్చీ, డెబ్బై ఏళ్ల మనిషి, ముఖం మీద వాన. కార్ఖానా అంతా గుమ్మంలో నిలబడి చూసింది. ఎవరూ నవ్వలేదు, సంగయ్య కూడా.

చాలాసేపటికి లేచారు. కుండలో నీళ్లతో చేతులు, మొహం, కాళ్లు కడుక్కున్నారు. “రేపు కోటకు పోదాం. నువ్వు రా” అన్నారు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 14

మేం మట్టి తవ్వే పాత గుంట వానకు కూలిపోయింది. మూల మూలా తవ్వి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పన, చప్పన, ఒట్టి దుమ్ము. ఉస్తాద్ గోడకు ఆనుకుని నా మొహమే చూస్తున్నారు. నేను తప్పు చెబితే ఆర్డర్ అంతా పోతుంది. పండుగ పూట అందరి పొయ్యిలూ చల్లబడతాయి.

మందుగుండు గది వెనక ఒక మట్టి నాలుకను చురుక్కుమని పట్టింది. “ఇదే” అన్నాను. మళ్లీ అడగలేదు ఆయన. బస్తా పట్టారు.

అక్టోబర్ 16

జస్తు నల్లబడింది. కాకి నలుపు. సంగయ్య చిరిగిన షర్ట్ కుట్టించి ఇచ్చాను. తీసుకున్నాడు.

నవంబర్ 1

ఈ రోజు నుంచి మన రాష్ట్రం కర్ణాటక అట. పటాకులు కాలుస్తున్నారు. మైసూరు పేరు ఒక్క పూటలో మారింది. మనుషులకు ఆ సదుపాయం లేదు.

నవంబర్ 6

రిబ్కా కోసం ఔరాద్ పోయాను, ఈ రోజు అక్కడ సంత. మామ ఇంటికి పోవాలంటే దాని మధ్యలోంచే దారి. మిరపకాయల కుప్పల దగ్గర ఫిలిప్పు కనబడ్డాడు. నమస్తే అన్నాను. చెంప మీద కొట్టాడు.

జనం ఆగారు. ఫిలిప్పు సన్నటివాడు. ఒక్క చేత్తో ఎత్తి మిరపకాయల్లో పడేయగలను. చేయి లేచింది కూడా. అది నా కళ్ల ముందే ఉంది, నాదే.

కూర్చున్నాను. నవ్వారు. ఫిలిప్పు “లే, మొగోనివైతె లే” అని అరిచాడు. లోపల ఇంకా మండుతోంది. పడుకున్నాను. కళ్లలోకి మిరప ఘాటు. ఎవరో తాగినట్టున్నాడన్నారు. ఫిలిప్పు కాలితో నా భుజం కదిపి చూసి, ఏం చేయాలో తెలియక పక్కకు జరిగాడు.

కళ్లు తెరిస్తే రిబ్కా. చేతిలో కూరగాయల సంచీ. కనుబొమ్మ పైన మచ్చ పడింది. “నన్ను సూసి పండుకున్నవా, నన్ను సూడక ముందే పండుకున్నవా?” అని అడిగింది. నువ్వున్నావని తెలియదన్నాను. సంచీ భుజానికెత్తుకుని ఇంటి వైపు నడిచింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నేను ఒక్కడినే బస్సెక్కాను.

నవంబర్ 12

రిబ్కా వచ్చింది. మామ దింపిపోయాడు. ఒక్కసారి చేయి లేచినా మళ్లీ బస్సెక్కుతానంది. సరేనన్నాను. నేను లేచి నిలబడితే చాలు, ఇప్పటికీ ఆమె గోడ వైపు జరుగుతుంది. లోటాలన్నీ అటక మీద పెట్టింది.

నవంబర్ 19

పప్పు నేను వండాను. రిబ్కా ఒక ముద్ద తిని పళ్లెం నెట్టేసింది. “కోట మట్టి రుచి సూసేటోనివి, పప్పుల ఉప్పు తెల్వదా నీకు?” అంది. తర్వాత మా అమ్మను, నా పేరును, నా చేతులను తిట్టింది. ఈ ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. నాకు వేడి లేచింది. కూర్చున్నాను. చాలలేదు. పడుకున్నాను.

ఆమె నా మీద నిలబడి తిడుతూనే ఉంది. గోడ వైపు జరగలేదు.