ఐదు కేపులు, ఒక పికప్

దువ్వాడలో ఉంటున్న, కీర్తిశేషులు భీమశంకరరావు గారి భార్య గంగాభవాని అనే నేను, వయసు యాభై ఆరు, వచ్చే వారం గుండె ఆపరేషన్‌కు వెళ్లే ముందు ఈ వీలునామా రాస్తున్నాను. ఈ ఉదయం ఇరవై రెండు డబ్బాల్లోని ఇంజన్ బోల్టులను జాబితాతో సరిచూశాను. ఒక్కటీ తేడా రాలేదు. కనుక నా బుద్ధి నిలకడగా ఉందనీ, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాననీ నమ్మవచ్చు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయి ఆశాజ్యోతిది.

1. ఇల్లు, నా నగలు సర్వహక్కులతో ఆశాజ్యోతికి చెందుతాయి. మధురవాడలోని తన ఆఫీసుకు దూరమని ఇల్లు అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. పెరట్లో కరివేపాకు చెట్టును మాత్రం కొనేవాళ్లకు చూపించి, నీళ్లు పొయ్యమని చెప్పాలి.

2. పెద్ద స్టీలు బేసిన్ మా ఆడపడుచు తవిటమ్మకు. వచ్చినప్పుడల్లా "ఇది ఇల్లేటే, షెడ్డా?" అని ముక్కు మూసుకునేది. పిస్టన్లు కడిగింది ఆ బేసిన్‌లోనే. తర్వాత బాగా తోమి అందులో కలిపిన పులిహోర ఆవిడ మూడుసార్లు వడ్డించుకుంది. ఈ సంగతి బేసిన్ చేతికిచ్చాకే చెప్పాలి.

3. షెడ్డులో ఉన్న 1979 నాటి జీపు పికప్, దాని ఇంజన్ విడిభాగాలు, మా వారి పనిముట్లు మా మరిది, తగరపువలసలో మెకానిక్ అయిన గవర్రాజుకు చెందుతాయి. ఇంజన్ అతనే బిగించాలి. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. కారణం రాయవలసి ఉంది.

పదకొండేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ ఆ ఇంజన్ విప్పారు. ఇంజన్ లోపల తిరిగే ఇరుసును, అంటే క్రాంకును, పట్టి ఉంచే ఇనప మూతలు, కేపులు ఐదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఏ చోటిది ఆ చోటే బిగించాలి. మా వారు వాటి మీద పెయింటుతో అంకెలు వేశారు. ఆయుధపూజ నాడు జిడ్డు సామానుకు బొట్టు పెట్టడం మనసొప్పక అన్నిటినీ కిరసనాయిలుతో కడిగాను. అంకెలు పోయాయి. ఆయనను అడగవలసింది. అడగకుండా, గుడ్డ మీద ఆరిన వరసలో ఒకటి నుంచి ఐదు దాకా నేనే మళ్లీ వేసి, బొట్లు పెట్టి, డబ్బాలో సర్దాను.

"వదిన సర్దిందంటే మరి సూసుకోనక్కర్లేదు" అంటూ గవర్రాజు బిగించాడు. మూడో రోజున భీమిలి రోడ్డు మీద బేరింగులు కాలి ఇంజన్ పట్టేసింది. తెచ్చి విప్పాక మా వారు వీధిలో నలుగురి ముందు, "నీకు పని రాదురా. నా బండి మీద సెయ్యెయ్యకు" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. కారణం నేను వేసిన అంకెలేనని నాకు అప్పుడే తెలిసింది. నోరు విప్పలేదు. గవర్రాజు మా గడప తొక్కడం మానేశాడు. నాలుగేళ్ల కిందట అన్న పోతే పాడె మోసి, గేటు దగ్గర నుంచే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను క్రాంకు గ్రైండింగ్ చేయించాను. కొత్త బేరింగులు తెప్పించాను. లేత్ మేస్త్రీ చేత కేపులను వాటి వాటి చోట్ల సరిచేయించి, ఈసారి అంకెలు చెరిగిపోకుండా పంచ్‌తో కొట్టించాను. ఇక బిగించడమే మిగిలింది.

4. మూడో అంశం నా తర్వాతే చదవాలని మొదట అనుకున్నాను. అది మళ్లీ దాచడమే. నిన్న బస్సెక్కి తగరపువలస వెళ్లి అతనికి చదివి వినిపించాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"బిగించినప్పుడు సూళ్లేదు గానీ, ఇప్పినప్పుడే తెల్సింది వదినా" అన్నాడు. "అన్న నాలుగంకె వంకరగా ఏస్తాడు. కేపుల మీదవి కేలండర్లో అంకెల్లాగున్నాయి. అన్న కోపంలో సూళ్లేదు. సెప్తే నిన్ను తిడతాడని ఊరుకున్నాను. నన్నయితే నాల్రోజులు తిట్టి మానేత్తాడనుకున్నాను."

బస్సు ఎక్కిస్తూ, "ఆదోరం వత్తాను. అందాకా ఆ డబ్బాలు కడక్కు" అన్నాడు.

5. ఆ నింద నలుగురి ముందు పడింది. కనుక ఆదివారం గవర్రాజు పని మొదలుపెట్టే ముందు మూడో అంశం మా వీధిలో నిలబడి నేనే పైకి చదువుతాను. తవిటమ్మకూ కబురు పంపాను. ఇంజన్ నేనుండగానే స్టార్టయితే, ఆ అంశంలో "దాని ఇంజన్ విడిభాగాలు" అన్న మాటలు కొట్టేసి చదువుకోవాలి.

దువ్వాడ,
2025 నవంబరు 12, బుధవారం.

(సంతకం) గంగాభవాని

ఆమె చదివి, మా ఎదుటే సంతకం చేసినందుకు సాక్షులం:
1. సాయిశంకర్, పక్కింటివారు
2. వరహాలు, లేత్ మేస్త్రీ