ఆ పాట గంగులుది

భావనపాడు

మరిది ధనరాజుకి,

ప్రియమైన అని రాద్దామంటే సెయ్యి రాలేదు. ఫోన్లో నా గొంతు ఇనగానే పెట్టేస్తన్నావు, అందుకే కాయితం మీద రాస్తన్నాను.

మొన్న మా తమ్ముడి కూతురు రాణి పెళ్ళిలో డీజేవోడు నీ పాటేసాడు. కుర్రోళ్ళు ఈలలేసి గెంతుతుంటే నేను పందిట్లోంచి లేసి ఎలిపోయాను. అది ఏ పాటో నీకు తెల్దా? మీ అన్న గంగులు సముద్రం మీద సేపల ఏటకెళ్ళి తిరిగి రాకపోతే ఒడ్డున కూకుని నేనేడిసిన ఏడుపది. ‘కెరటమెక్కి రారా మావా, కూడు సల్లారిపోతంది’ అన్నాను. పక్కనే కూకుని ఇన్నావు. దాన్ని ‘కెరటంలాగ రాయే పిల్లా’ అని మార్సి క్యాసెట్టు సేసావు. ఇప్పుడు పాటకి ముప్పై ఏళ్ళని శ్రీకాకుళంలో నీకు సన్మానమట. ‘నా గుండెల్లో పుట్టిన పాట’ అని టీవీలో సెప్పావు. నీ గుండెల్లోనా? నేనూ వస్తాను. నా ముందు కప్పించుకో ఆ సాలువా.

వదిన జగ్గమ్మ

శ్రీకాకుళం

వదినకి,

బెదిరిస్తన్నావా? నలుగురు ఆడోళ్ళ ముందు ఏడిసిన ఏడుపది. నేనెత్తుకోకపోతే ఆ ఇసకలోనే ఇంకిపోయేది. ఏడుపు పాట ఎవడింటాడు? పెళ్ళి పాట సేసాను కాబట్టే పాతపట్నం నుంచి విజయనగరం దాకా పిల్లాపాపా పాడతన్నారు. నువ్వొచ్చి అల్లరి సేస్తే జనం నిన్నే సూసి నవ్వుతారు.

ధనరాజు

భావనపాడు

ధనరాజుకి,

నీ సన్మానంలో జనం నవ్వలేదు, సూసావు కదా. నువ్వు పల్లవి ఎత్తుకోగానే ముందు వరసలో లేసి నా మాటలతో నేను పాడాను. “ఎవరమ్మా నువ్వు, కూకో” అని ఎవడో కసిరాడు. “ఈ పాటలో సచ్చిపోయినోడి పెళ్ళాన్ని” అన్నాను. డప్పులు ఆగిపోనాయి. నువ్వు తలొంచుకున్నావు. అప్పుడు ఎనకున్న ఆడోళ్ళు నాతో అందుకున్నారు. ‘కూడు సల్లారిపోతంది’ అని హాలంతా పాడింది. మాటలే కొత్త వాళ్ళకి, రాగం ముందే వచ్చు. అది నీ వల్లే. నువ్వు ఊరూరా తిప్పబట్టే మీ అన్న కోసం అంతమంది కళ్ళు తుడుసుకున్నారు. ఈ మాట రాయడానికి నా ఒళ్ళు మండిపోతంది. అయినా నిజం నిజమే.

స్టేజీ దిగాక “ఇంటికి రానా వదినా?” అని అడిగావు. దానికి జవాబు ఇక్కడ సెప్తన్నాను. మీ అన్నకి దండం పెట్టుకోవాలంటే సముద్రం అందరిదీ. మా గుమ్మం మాత్రం తొక్కకు.

గంగులు పెళ్ళాం,
జగ్గమ్మ