ఆరో సీసా

మేడ్చల్,
12 ఆగస్టు 2007.

రోజారాణి మేడమ్ గారికి, మీ జీపు డ్రైవర్ పరమేష్ చేతులు జోడించి రాసే ఉత్తరం.

గుర్తుపట్టారా? "మెల్లగా పోనీ పరమేష్, వెనక నా సీసాలున్నాయి" అని షామీర్‌పేట నుంచి ల్యాబు దాకా అంటూనే ఉండేవారు కదా, ఆ పరమేష్‌ని. మీ అడ్రసు కోసం మూడు నెలలు తిరిగాను. చివరికి మన స్టోర్స్‌లో చేసిన సిద్దిరాములు గారు కుత్బుల్లాపూర్‌లో కనబడి, మీరు గూడూరులో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నారని అన్నారు. నేనిప్పుడు మేడ్చల్‌కి, దుండిగల్‌కి మధ్య షేర్ ఆటో నడుపుతున్నాను. ఏడుగురు పట్టే బండిలో పదకొండు మందిని కుక్కుతాను. మీరు చూస్తే తిడతారు. తిట్టించుకోవాల్సిన పని ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. చదివాక చించి పారేసినా నేనేమీ అనుకోను, కానీ చివర అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు రాసి చించండి.

1999 మార్చిలో పంపిన బెలూన్ సంగతి. ఆరు స్టీలు సీసాలు దానికి కట్టి పైకి వదిలారు. ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో తెరుచుకొని, అక్కడి గాలి పట్టుకొని, మూసుకొని, పారాచూట్‌తో కిందికి రావాలి. అవి ఎక్కడ పడితే అక్కడికి జీపు తోలుకుపోవడం నా పని. గాలి పట్టుకురావడానికి ఇంత హంగామా ఎందుకని నేను నవ్వితే మీరు కోప్పడకుండా చెప్పారు. "మనం పీల్చే గాలిలో దుమ్ము వానకు కడుక్కుపోతుంది పరమేష్. అంత ఎత్తులో వాన లేదు. రాకెట్ వదిలిన మసి, క్లోరిన్, కిందికి పడుతూ కాలిపోయిన పాత ఉపగ్రహాల లోహపు పొడి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. మనల్ని కాచే ఓజోన్ పొరను తింటాయి, ఎండా వానల లెక్క కూడా తప్పిస్తాయి. ఇప్పుడు కొంచెమే కావచ్చు. ఎంతో తెలియాలి కదా?" అన్నారు. ఆరో సీసా అన్నిటికన్నా పైకి పోయేది. దానికోసం మీరు రెండేళ్ళు ఎదురుచూశారని నాకు తెలుసు.

ఆ సీసాను పాడుచేసింది ఎవరో నాకు తెలుసు మేడమ్. ఎనిమిదేళ్ళుగా తెలుసు.

పారాచూట్ షామీర్‌పేట అవతల, కంకర మిషన్ల వెనక ఒక ద్రాక్షతోటలో పందిరి మీద పడింది. మీరు వైర్‌లెస్ దగ్గర ఉన్నారు, నేనొక్కడినే పోయాను, దారి తప్పి ఆలస్యమైంది. పందిరి కింద సీసాలు కట్టిన చట్రం ఒరిగి ఉంది, అందులో ఐదే ఉన్నాయి. ఆరోదాని పట్టీ తెగిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. తోట చివర గుడిసె లోంచి ఏడుపు వినబడి అటు పరిగెత్తాను.

లోపల ఒక ముసలాయన నులకమంచం మీద పడి ఉన్నాడు. పేరు కుర్మయ్య. ముప్పై ఏళ్ళు కంకర మిషన్ దగ్గర రాళ్ళు మోసినవాడు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది, ఇగ మందు లేదని దవాఖానాలో ఇంటికి పంపేశారు. ఆయన భార్య బాలనర్సమ్మ ఆ తోటలో కాపలా ఉండేది. మన సీసాను ఒళ్ళో పెట్టుకొని, దాని మూతికి అరచెయ్యి అడ్డంపెట్టి, ఊగుతూ ఏడుస్తోంది. ఆయన అప్పటికే పోయాడు.

దవాఖానాలో ఉన్నన్నాళ్ళూ కుర్మయ్యకు సిలిండర్ గాలి పెట్టేవారట. అది పెట్టగానే ఆయన కళ్ళు తెరిచి, చాయ్ కూడా అడిగేవాడట. ఇంటికొచ్చాక ఆమె రోజూ మైసమ్మకు మొక్కేది, అట్లాంటి సిలిండర్ ఒక్కటి దొరికితే చాలని. ఆ రోజు ఆకాశం నుంచి, తెల్లటి గొడుగు కింద, సిలిండర్లే దిగాయి. ఇంకేం కావాలి మేడమ్? ఒకటి ఒళ్ళో వేసుకొని ఉరికింది. దవాఖానాలో నర్సు చేసినట్టే మొగుడి ముక్కు చుట్టూ కొంగు కప్పి, ల్యాబులో మీరు తిప్పే ఆ చిన్న కుళాయిని తిప్పింది.

పైగాలి పలచన కదా. కింద తిప్పితే ఆ సీసా గాలి ఇవ్వదు, లాక్కుంటుంది. ఆ సంగతి ఆమెకేం తెలుసు? బుస్సుమని చప్పుడొచ్చి కొంగు సీసా మూతిలోకి పోయిందట. కుర్మయ్య బెదిరి కళ్ళు తెరిచి, ఒకసారి గట్టిగా దగ్గి, తల వాల్చేశాడట.

"ఊపిరిచ్చేది అనుకున్న బిడ్డా, గుంజేది ఆయె. నా చేతులతోని నేనే గుంజిపిచ్చిన. నేనే సంపుకున్న," అంది.

నేను కుళాయి బిగించాను. సీసాను చట్రంలో పెట్టి తీగతో కట్టాను. ఫారంలో 'అన్నీ సరిగా ఉన్నవి' అని రాసి సంతకం పెట్టాను. చెబితే పోలీసులు వస్తారు, సర్కారు సామాను ముట్టుకున్నందుకు శవం పక్కనుంచి ఆమెను లేపి పట్టుకుపోతారు అని భయపడ్డాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ నెలలోనే నన్ను పర్మనెంట్ చేసే ఫైలు నడుస్తోంది. నేను ఆలస్యంగా పోయానని తేలితే ఫైలు మూతపడుతుంది. ఎట్లాగూ మూతపడింది, కారణం ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత మీ పరిశోధన ఆగిపోయిందని, ముఖ్యమైన సీసా పాడైనందుకే ఆగిందని క్యాంటీన్‌లో అనుకున్నారు. మీరు పెట్టెలు సర్దుకుంటుంటే వాటిని జీపెక్కించింది నేనే. అప్పుడైనా చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను మేడమ్.

ఇప్పుడు బాలనర్సమ్మ మేడ్చల్‌లో చెల్లెలి కూతురు సాలమ్మ ఇంట్లో ఉంది. నేను అవ్వా అంటాను, వారానికోసారి పోయి చూసొస్తాను. నెల రోజుల నుంచి మంచం దిగడం లేదు, ముద్ద మింగడం లేదు. ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టరు అన్నాడు. ఆమెకు ఒకటే ధ్యాస. నువ్వు చంపలేదవ్వా అని వందసార్లు చెప్పి ఉంటాను. "నువ్వు డ్రైవర్‌వి, నీకేం ఎర్కరా? గా సీసలు సేసిన మేడంను అడుగు. పైకి పోయినంక ఆయనకు నేనేమని సెప్పాలె?" అంటుంది. ఇన్నేళ్ళూ మిమ్మల్ని అడగనివ్వలేదు, నాకు ముప్పు వస్తుందని. ఇప్పుడు తనే అడగమంటోంది.

ఆ సీసా కుర్మయ్య ఊపిరి లాగేసిందా? ఔనో కాదో రాయండి. అబద్ధం మాత్రం రాయకండి, ఆమె పట్టేస్తుంది.

మీ క్షమాపణకు తగనివాడు,
పరమేష్

*

గూడూరు,
20 ఆగస్టు 2007.

పరమేష్ గారికి,

ఇదివరకు మిమ్మల్ని 'నువ్వు' అనేదాన్ని. ఈ ఉత్తరం పూర్తిగా చదివితే ఎందుకు మార్చానో మీకే తెలుస్తుంది.

ముందు ఆ తల్లికి జవాబు. లాగలేదు. ఇది ఓదార్పు కోసం రాస్తున్నది కాదు. అది రెండు లీటర్ల సీసా. కుళాయి తిప్పిన రెండు మూడు క్షణాల్లో, మూతి చుట్టూ ఉన్న గాలితో నిండిపోతుంది. కొంగు పలచటి గుడ్డ, దాని చుట్టూ గుడిసె నిండా గాలి ఉంది. చెరువులో చెంబు ముంచితే చెరువు ఎండిపోదు కదా. మనిషి ఛాతీలో గాలిని లాగే బలం దానికి లేదు. ఆయన దగ్గినప్పుడు బయటికొచ్చిన ఊపిరి కాస్త అందులోకి పోయింది. సీసా లేకపోతే అది గుడిసెలోకి పోయేది, అంతే తేడా. కుర్మయ్య గారిని చంపింది ఆయన లోపలి రాతి పొడి. ఈ పేరా రెండుసార్లు చదివి వినిపించండి.

సీసాలోకి ఊపిరి పోయిందని మీరు రాసినదాన్ని బట్టి చెప్పడం లేదు. నాకు ఎనిమిదేళ్ళ క్రితమే తెలుసు. ఆరో సీసా పరీక్షించిన రోజే అందులో తడి ఉంది, మామూలు గాలిలో ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు బొగ్గుపులుసు వాయువు ఉంది. అది మనిషి ఊపిరి అని ఫస్టియర్ పిల్లలు కూడా చెబుతారు. ఎవరిదని నేను అడగలేదు. మీరే ఆటగా ఊది ఉంటారని అనుకున్నాను. డ్రైవర్ కదా, ఇంకేం ఆలోచిస్తాం! సామాను తెచ్చే వ్యక్తి నమ్మదగినవాడు కాదు, పర్మనెంట్ చేయవద్దు అని రెండు వాక్యాలు రాసి పైకి పంపాను. మీ ఫైలు మూసింది నేను. మిమ్మల్ని పిలిచి ఒక్క మాట అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. అడగలేదు. నా పెట్టెలు మీరు జీపెక్కిస్తున్నప్పుడు మీ ముఖం చూడకపోవడం నాకింకా గుర్తుంది.

ఇంకొకటి ఉంది. అది రాయడానికే నాకు మూడు రోజులు పట్టింది. నా పరిశోధన ఆరో సీసా వల్ల ఆగలేదు. మిగతా ఐదు సీసాల్లో దొరకాల్సినది దొరికింది. మసి ఉంది, అల్యూమినియం పొడి ఉంది, క్లోరిన్ ఉంది. కొంచెమే, కానీ ఉంది, పోవడం లేదు. రాకెట్లు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుందని చెప్పడానికి ఆ ఐదూ చాలు. ఆ సంగతి చెప్పాల్సిన సమావేశంలో పెద్దలు ముందే నవ్వారు. "ఏడాదికి పైకి లేచేవి ఎన్నమ్మా? ఊళ్ళో లారీలు లెక్కపెట్టుకోరాదూ!" అన్నారు. దేశమంతా గర్వపడే పనికి నేను అడ్డంపడుతున్నానని అనుకుంటారేమోనని భయం వేసింది. లేచి నిలబడి, ముఖ్యమైన సీసా పాడైంది, అందుకని ఏమీ చెప్పలేను అన్నాను. అందరూ తేలికపడ్డారు, నేను కూడా. మీరు ఎనిమిదేళ్ళు మోసిన తప్పు వెనక నేను హాయిగా దాక్కున్నాను.

ఇక్కడ మా మేడ మీద నుంచి రాకెట్ పోవడం కనబడుతుంది. పిల్లలు ఈలలు వేస్తారు. నేనూ చప్పట్లు కొడతాను, నాకూ గర్వంగానే ఉంటుంది. ఆ తెల్లటి గీత మెల్లగా చెదిరి కనబడకుండా పోయాక కిందికి దిగబుద్ధి కాదు.

మీ ఉద్యోగం తిరిగి ఇప్పించే శక్తి నాకు లేదు. ఆ రెండు వాక్యాలు తప్పని ఇవాళే ఆఫీసుకు రాశాను. దాన్ని ఎవరైనా చదువుతారన్న ఆశ లేదు.

రోజారాణి

*

మేడ్చల్,
9 సెప్టెంబరు 2007.

మేడమ్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందిన రోజు ఆటో స్టాండులో పెట్టి, వెనక సీటులో కూర్చొని చదివాను. కోపం వచ్చింది మేడమ్. ఎందుకు దాచాలి? ఊదడానికి నేను చిన్నపిల్లాడినా? పర్మనెంట్ అయ్యుంటే మా ఆవిడ రోజూ పొద్దున్నే పరాయి ఇళ్ళలో గిన్నెలు తోమేది కాదు. ఆ రోజు ఎక్కినవాళ్ళందరి మీదా అరిచాను. మీకు జవాబు రాయకూడదనుకున్నాను. కానీ అవ్వకు జవాబు బాకీ ఉంది కదా, సాయంత్రం పోయాను.

ఆ పేరా రెండుసార్లు చదవమన్నారు, మూడుసార్లు చదివించుకుంది. చెరువు, చెంబు మాట దగ్గర "ఇంకోపారి సదువు" అంది. సాలమ్మ కళ్ళొత్తుకుంటోంది, అవ్వ మాత్రం ఏడవలేదు. నా వైపు తిరిగి, "మరి గా గాలితోని మేడంకు ఏం పని?" అని అడిగింది. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

నాకు తెలిసినంత చెప్పాను. రాకెట్ పోతే పొగ ఉంటుందనీ, పాతవి కాలి పొడి అవుతాయనీ, అంత పైన వాన లేదు కాబట్టి ఆ పొడి కడుక్కుపోదనీ చెప్పాను.

"అంటే మీద గూడ కంకర మిషినే పెట్టిండ్రన్నట్టు," అంది.

"అట్లనే అవ్వా. కాకపోతే ఇప్పుడు కొంచెమే."

"మా ఆయనకు గూడ మొదాల కొంచెమే ఉండె. మేడం సూసింది గదా, మరి సెప్పలేదా?"

మీ ఉత్తరంలో ఆ భాగం ఆమెకు చదవకూడదనుకున్నాను. కానీ అబద్ధం రాయవద్దని మీకు షరతు పెట్టి, నేనే ఎట్లా చెప్పను? మిగతా ఐదు సీసాల్లో ఆ పొడి దొరికినా భయపడి ఊరుకున్నారని చెప్పాను.

అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకొని లేవబోతుంటే అంది. "మిషిన్ కాడ మేస్త్రికి గూడ ఎర్కనే పరమేశా. ముగ్గురు పోయిండ్రు మా ఆయన కన్న ముంగట. ముక్కుకు బట్ట కట్టుకొమ్మని ఒక్కనాడు సెప్పలే. ఎరికుండి ఊకున్నోడే సంపిండు. నేను గాదు."

మేడమ్, 'నేను గాదు' అనే మాట కోసం నేను ఎనిమిదేళ్ళు ఆ ఇంటికి తిరిగాను. అది వినగానే నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ గంజి అడిగింది, సాలమ్మ పెడితే గిన్నెడు తాగింది. తరువాత పదకొండు రోజులు బతికింది. మొన్న గురువారం పొద్దున పోయింది. కుర్మయ్యను పెట్టిన చోటనే పెట్టాలంటే ఆ ద్రాక్షతోట ఇప్పుడు ప్లాట్లయింది, రాళ్ళు పాతారు. మేడ్చల్‌లోనే చేశాం. కొరివి సాలమ్మ కొడుకు పట్టాడు, పాడె నేను మోశాను.

ఆమె మాట మీకు గుచ్చుకుంటుందని తెలుసు. రాయకుండా ఉందామని రెండుసార్లు కాగితం చించేశాను. కానీ మళ్ళీ ఒక మాట దాచే ఓపిక నాలో లేదు. ఆమెకు మీ మీద కోపం లేదని ఒట్టేసి చెబుతున్నాను. నేను పోయి కూర్చున్నప్పుడల్లా మీ గురించి అడిగేది, మీకు పిల్లలెందరని కూడా అడిగింది. పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకొని ఒక పని చెప్పింది. అది చెబితే ఈ ఉత్తరం అయిపోతుంది.

"మేడం దగ్గర ఇంక ఐదు సీసలున్నయన్నవు గదా. అండ్ల ఏమున్నదో ఇప్పుడన్న సెప్పుమను."

పరమేష్